ఇంట నలుమూలలకు వైఫై అందుట ఎట్లు?

(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనములు, ఎరువులు, సస్యరక్షణ గురించి వినుటకు వచ్చిన మీకు వైఫై గురించి చెప్పబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ఇంటర్నెట్టుతో ఏమి పని యని మీరడుగవచ్చును. పని గలదు. భారత వాతావరణ శాఖ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి కలిసి 2019లో ప్రారంభించిన మేఘదూత్ యాప్ జిల్లావారీ వానసూచనను, పంటల సలహాను రైతు చేతికి అందించుటకు ఉద్దేశించినది. పూణే నగరములోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ తయారుచేసిన దామిని యాప్ సమీపమున పిడుగులు పడు సూచనను తెలుపును. మార్కెట్ ధరలు చూచుకొనవలెనన్నను, పి.ఎం. కిసాన్ పథకమునకు ఇ-కె.వై.సి. చేయవలెనన్నను, పిల్లలు పాఠములు వినవలెనన్నను, దూరదేశమున నున్న బిడ్డ ముఖము చూడవలెనన్నను ఇంటర్నెట్టే ఆధారమగుచున్నది.

అయితే ఊరి వరకు, ఇంటి గడప వరకు వచ్చిన ఇంటర్నెట్టు గడప దాటి లోపలికి పోవుటలేదు. ముందు గదిలో బాగుండును, వంటింటిలో ఉండదు. డాబా మీది గదిలో పాఠము మధ్యలో ఆగిపోవును. రాత్రివేళ ఫోను చేతబట్టుకొని పెరటి గట్టు మీదికో, పిట్టగోడ అంచునకో పోయి నిలబడువారిని మన పల్లెలలో చూచుచునే యున్నాము. చీకటిలో పాముభయము, ఉరుములలో పిడుగుభయము. ఇంటిలోనే కూర్చుండి చేయదగిన పనికై ఇంత ముప్పు కొనితెచ్చుకొన నక్కరలేదు.

నేడు మీకు చెప్పదలచినది ఒక్కటే మాట. నెట్టు మందముగా నున్నదని తోచిన వెంటనే పెద్ద ప్లానుకు డబ్బు కట్టవద్దు, కొత్త పెట్టె కొనవద్దు. ముందు లోపమెక్కడనో కనిపెట్టుడు. చాలా ఇండ్లలో కానీ ఖర్చు లేకుండ, పెట్టెను తీసి మరియొక చోట ఉంచినంత మాత్రమున సగము రోగము కుదురును. మిగిలిన సగమునకు గజములకొలది తీగ చాలును.

బోరులో తక్కువా, కాలువలో ఇంకుచున్నదా?

చివరి మడికి నీరు అందనప్పుడు తెలివిగల రైతు వెంటనే కొత్త బోరు వేయడు. బోరు దగ్గరకు పోయి గొట్టమునుండి ఎన్ని అంగుళముల నీరు పడుచున్నదో చూచును. అక్కడ తక్కువైన తప్పు బోరుది. అక్కడ నిండుగా పడుచు చివరి మడికి రాకున్న, తప్పు కాలువది. ఎక్కడనో గండి పడియుండును, లేదా ఇసుకనేలలో ఇంకిపోవుచుండును.

ఇంటర్నెట్టు కూడ ఇంతే. వీధి స్తంభము నుండి ఫైబరు తీగ ద్వారా పెట్టెలోనికి వచ్చునది బోరు నీరు. పెట్టె నుండి గాలిలో ఫోనునకు పోవునది కాలువ నీరు. ఈ రెండింటిని వేరువేరుగా పరీక్షింపవలెను.

మొదట ఫోనులో మొబైలు డేటాను ఆపివేయుడు. లేకున్న ఫోను టవరు నెట్టును వాడుకొనుచుండగా మనము వైఫై యని భ్రమపడుదుము. పిమ్మట పెట్టెకు ఒకటి రెండు మీటర్ల దూరమున నిలబడి, మధ్య అడ్డము లేకుండ, స్పీడు పరీక్ష చేయుడు. ఇంటిలో ఇతరులెవ్వరు వాడని సమయమున చేయవలెను. మీరు డబ్బు కట్టినది సెకనుకు 50 మెగాబిట్ల ప్లాను అనుకొందము. పెట్టె దగ్గర 45 వచ్చి వంటింటిలో 3 వచ్చినచో తప్పు కాలువది. దానిని మనమే బాగుచేసికొనవచ్చును. పెట్టె దగ్గరనే 5 వచ్చుచున్నచో తప్పు బోరుది. అప్పుడు పెట్టెను ఇల్లంతయు తిప్పినను లాభము లేదు. నెట్టు ఇచ్చువారికి చెప్పవలెను. ల్యాప్‌టాప్ ఉన్నవారు తీగతోనే పెట్టెకు తగిలించి చూచిన సందేహము పూర్తిగా తీరును.

ఫైబరు పెట్టె మీద చిన్న దీపములుండును. లాస్ అను దీపము ఎర్రగా వెలిగిన, లేదా మిణుకుమిణుకు మనిన, వెలుతురు తీగలో రావుటలేదని అర్థము. తీగ తెగియుండవచ్చును, బాగుగా మడతపడియుండవచ్చును. ఫైబరు లోపలిది సన్నని గాజు పోగు. దానిని మేకు చుట్టు బిగించి కట్టరాదు, తలుపు సందున నలుగనీయరాదు. తెగిన కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడరాదు. అందులోని లేజరు వెలుతురు కంటికి కనబడకయే హాని చేయగలదు. దానిని నెట్టు ఇచ్చువారి మనిషికే వదలివేయుడు.

వైఫై అనగా నేమి?

వైఫై అనునది రేడియో వలెనే గాలిలో పోవు అల. ఇంటి పెట్టెలు సామాన్యముగా రెండు వరుసలలో పలుకును. ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్, రెండవది 5 గిగాహెర్ట్‌జ్. మన దేశములో వీనిని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు ప్రభుత్వము 2005లో మొదటిదానికి, 2018లో రెండవదానికి విస్తారముగ అనుమతించినది. మొదటిదాని అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండవదానిది అందులో సగము కంటె తక్కువ. పొడవైన అల గోడలను కొంత మేలుగా దాటి దూరము పోవును గాని వేగము తక్కువ. పొట్టి అల వేగముగా నుండును గాని గోడలకు త్వరగా లొంగిపోవును. కావున పెట్టె ఉన్న గదిలో 5 గిగాహెర్ట్‌జ్, దూరపు గదులలో 2.4 గిగాహెర్ట్‌జ్ వాడుకొనుట మంచిది. అనేక పెట్టెలు ఈ రెండింటిని రెండు పేర్లతో చూపును. చివర 5జి అని ఉన్నది రెండవది. ఇది సెల్ ఫోను 5జి కాదు, పేరు మాత్రమే కలిసినది.

దూరము పెరిగినకొలది అల పలుచబడును. లాంతరు వెలుతురు వలెనే, దూరము రెట్టింపైన బలము నాలుగవ వంతగును. నాలుగు రెట్లయిన పదునారవ వంతగును. ఇది అడ్డములేని బయలులో మాట. గోడలు అడ్డుపడిన నష్టము ఇంకను హెచ్చు.

మరియొక విషయము. ఇంటర్నెట్టు ఒక వైపు మాట కాదు. పెట్టె చెప్పునది ఫోను వినవలెను. ఫోను చెప్పునది పెట్టె వినవలెను. పెట్టెకు గొంతు పెద్దది, ఫోనుకు చిన్నది. గొంతు పెద్దదని పొగడి అమ్మిన ఖరీదైన పెట్టెను తెచ్చినను, దూరమునుండి ఫోను గొణిగిన మాట దానికి వినబడకున్న ప్రయోజనము కొద్ది. ఫోనులో గుర్తు నిండుగా కనిపించుచున్నను పని జరుగకపోవుటకు ఇది ఒక కారణము.

ఏవి అడ్డుపడును?

చెక్క తలుపు, పలుచని ప్లైవుడ్డు కొద్దిగానే ఆపును. ఒక వరుస ఇటుక గోడ కొంత ఆపును. పాత ఇండ్ల మట్టిగోడలు, రాతిగోడలు ఒకటిన్నర, రెండు అడుగుల మందముండును. ఇవి ఎండను ఆపినట్లే అలను కూడ ఆపును. ఇనుప కడ్డీలు గల కాంక్రీటు స్లాబు ఇంకను గట్టిది. అందుచేతనే క్రింది గదిలోని వైఫై డాబా మీది గదికి సరిగా ఎక్కదు.

అన్నిటికన్న గట్టి శత్రువు లోహము. ఇనుప రేకు అలను లోనికి పోనీయక వెనుకకు కొట్టును. రేకుల కొట్టము, షట్టరు తలుపు, ఇనుప బీరువా, ఫ్రిజ్జు, ధాన్యము నిలువచేయు లోహపు గాదె అన్నియు ఇదే జాతి. నిలువుటద్దము వెనుక పూసిన లోహపు పూత కూడ అట్టిదే.

రెండవ శత్రువు నీరు. నీరు ఈ అలలను పీల్చుకొనును. నిండిన నీళ్ళ తొట్టి, పచ్చి అరటి తోట, వానకు తడిసిన కొబ్బరి మట్టలు, తడి ఆరని ధాన్యపు బస్తాల వరుస, ఇవి యన్నియు నీళ్ళ గోడలే. మనిషి శరీరము కూడ సగమునకు పైగా నీటితో నిండినదే. పెండ్లినాడు పందిరి నిండ జనము చేరినపుడు వైఫై కుంటుపడుటకు, వాడువారు పెరుగుటతో పాటు ఇదియు ఒక కారణమే. మైక్రోవేవ్ పొయ్యి 2.4 వరుసకు దగ్గరగానే పనిచేయును. అది నడచినంతసేపు పక్కనున్న వైఫై తడబడవచ్చును.

కొలిచి చూచుకొనుట

భూసార పరీక్ష లేకుండ ఎరువు వేయవద్దని చెప్పుచుందుము. ఇక్కడను అంతే. వైఫై అనలైజర్ వంటి ఉచిత యాప్‌ను ఆండ్రాయిడ్ ఫోనులో దింపుకొనిన సిగ్నలు బలమును అంకెలలో చూపును. ఆ అంకె మైనస్ గుర్తుతో నుండును. దాని ప్రమాణము డి.బి.ఎం. అంకె చిన్నదైన బలము హెచ్చు, పెద్దదైన బలము తక్కువ అని గుర్తుంచుకొనుడు. మైనస్ 50 చాల మంచిది. మైనస్ 67 వరకు వీడియో మాటలు, పాఠములు ఇబ్బంది లేకుండ సాగును. మైనస్ 75 దాటిన తెగుచు అతుకుచుండును. మైనస్ 85 దాటిన లేనట్లే యనవచ్చును. పది అంకెలు దిగిన బలము పదవ వంతగును. ఇరువది దిగిన నూరవ వంతగును.

ఒక కాగితము మీద ఇంటి పటము గీసికొనుడు. ప్రతి గది నడుమ, మంచము దగ్గర, పిల్లవాడు చదువుకొను చోట, వసారాలో, కొట్టములో నిలబడి అంకెను వ్రాసికొనుడు. తలుపులు మామూలుగా ఉంచు రీతిగనే ఉంచి కొలువవలెను. ఇది అరగంట పని. చదువుకొను పిల్లలకు చెప్పిన ఉత్సాహముగా చేయుదురు.

పెట్టెకు తగిన చోటు

మన ఇండ్లలో పెట్టె ఎక్కడుండును? తీగ పట్టుకొని వచ్చిన మనిషి వీధి వైపు కిటికీ ప్రక్కన మేకు కొట్టి తగిలించి పోవును. తీగ తక్కువ పట్టును, పని త్వరగా ముగియును. అప్పుడు పెట్టె బలములో సగము వీధికి పోవును. లేదా దుమ్ము పడునని బీరువాలోనో, టి.వి. వెనుకనో దాచుదుము. లోహపు పెట్టెలో దీపము వెలిగించి ఇల్లు చీకటిగా నున్నదని వగచినట్లే యిది.

మంచి చోటునకు గుర్తులివి. ఇంటికి ఇంచుమించు నడుమనుండవలెను. నేల నుండి అయిదారు అడుగుల ఎత్తున, మనుష్యుల తలలకు, కుర్చీలకు పైన ఉండవలెను. చుట్టు ఒక మూర దూరములో లోహపు వస్తువు, అద్దము, నీటి పాత్ర ఉండరాదు. గాలి తగులవలెను; పొయ్యి వేడి, పొగ, ఎండ తగులరాదు. మండువా ఇంటిలో మండువా వైపు తెరిచియున్న వసారా గోడ మంచి చోటు. అక్కడి నుండి నాలుగు వైపుల గదులకు తలుపుల గుండ దారి దొరకును. వానజల్లు మాత్రము పడరాదు.

యాంటెన్నా కడ్డీలు గల పెట్టెలలో కడ్డీ చివరి నుండి అల తక్కువగాను, ప్రక్కలకు ఎక్కువగాను పోవును. ఒకే అంతస్తు ఇంటికి కడ్డీలు నిట్టనిలువుగ ఉంచుడు. మేడ గదికి కూడ పోవలెనన్న ఒక కడ్డీని నిలువుగను, ఒకదానిని అడ్డముగను పెట్టి చూడుడు.

ఫైబరు తీగను మీరే లాగి పెట్టెను జరుపవద్దు. నెట్టు ఇచ్చువారిని అడుగుడు. వారు రాకున్నను ఉపాయము గలదు. ఫైబరు పెట్టెను అక్కడనే ఉంచి, దాని నుండి మామూలు లాన్ తీగను ఇంటి నడుమకు తెచ్చి అక్కడ వేరొక రౌటరు పెట్టవచ్చును. దానిని తరువాత చెప్పెదను.

ఒక ఇంటి లెక్క

లెక్క అర్థమగుటకు ఒక ఇంటిని ఊహించుకొందము. ముందు గది, దాని వెనుక నడిమిల్లు, దాని వెనుక వంటిల్లు, నడిమింటి పైన డాబా గది, పెరటిలో 25 మీటర్ల దూరమున రేకుల కొట్టము. గోడలు అడుగున్నర మందము. పెట్టె వీధి కిటికీ ప్రక్కన నున్నది. కొలిచిన అంకెలు ముందు గదిలో మైనస్ 38, నడిమింటిలో 56, వంటింటిలో 75, డాబా గదిలో 79, కొట్టములో 90 వచ్చినవనుకొందము.

ముందు గదిలో అవసరమునకు మించి యున్నది. డాబా గదిలో చాలదు. ఇప్పుడు పెట్టెను నడిమింటికి, ఎత్తైన అరమర మీదికి మార్చిన ముందు గదిలో 55, వంటింటిలో 58, డాబా గదిలో 66 దగ్గర రావచ్చును. ముందు గదికి బలము తగ్గినదని విచారింపనక్కరలేదు. 55 వీడియోకు ధారాళముగ చాలును. పెద్దమడి నీరు కొంత తగ్గించి చివరి మడికి పంచుట వంటిది. కొట్టము మాత్రము 84 దగ్గరనే ఆగును. ఎందువలన? దూరము, వెనుక గోడ, పైగా రేకులు. దానిని గాలితో గెలువలేము. అక్కడ తీగ వేయవలెను.

ఇరుగుపొరుగుతో పోటీ

పల్లెలో ఇండ్లు దగ్గర దగ్గరగా కట్టిన వీధులలోను, పట్టణములలోను ప్రక్క ఇంటి వైఫై మన వైఫైకి అడ్డుతగులును. ఒకే కాలువకు ఇద్దరు ఒకేసారి మడవలు తీసినట్లగును. 2.4 వరుసలో 1, 6, 11 అను మూడు ఛానళ్ళు మాత్రమే ఒకదానితో నొకటి కలియనివి. పొరుగువారు ఎక్కువగా ఏది వాడుచున్నారో యాప్‌లో చూచి, రౌటరు సెట్టింగులో తక్కువ రద్దీ గలదానిని ఎంచుకొనుడు. ఛానలు వెడల్పును 20కి ఉంచుడు. ఒంటరిగా పొలములో ఇల్లు గలవారికి ఈ చిక్కులేదు.

సంకేతపదము లేకుండ వైఫైని తెరిచి యుంచరాదు. ఊరంతయు వాడుకొనుటయే గాక, మీ నెట్టు ద్వారా ఎవరైన చేసిన తప్పునకు మీ గడప తొక్కుదురు. పెట్టె మీద అచ్చువేసిన మాటను మార్చి, కనీసము పన్నెండు అక్షరముల మాట పెట్టుకొనుడు.

గాలికన్న తీగ నమ్మకము

ఒక పెట్టెతో చాలని ఇంటికి రెండవ పెట్టె కావలెను. దానిని మొదటి పెట్టెతో తీగ ద్వారా కలుపుట అన్నింటికన్న మంచి పద్ధతి. క్యాట్ 6 అను లాన్ తీగ 100 మీటర్ల వరకు నష్టము లేకుండ పనిచేయును. లోపల పూర్తి రాగి గలదానినే అడిగి తీసికొనుడు; అల్యూమినియము మీద రాగిపూత పూసినది చౌక గాని, పొడవైన వరుసకు పనికిరాదు, త్వరగా విరుగును.

పాత రౌటరు ఇంట మూలపడియున్న దానినే రెండవ పెట్టెగా మలచవచ్చును. మొదట దాని సెట్టింగులో డి.హెచ్.సి.పి. అనుదానిని ఆపివేయుడు. ఏలన, ఒక ఇంటిలో చిరునామాలు పంచు పెద్ద ఒకరే ఉండవలెను. ఇద్దరైన ఫోనులు తికమకపడును. రెండవది, దాని చిరునామాను మొదటి పెట్టెది కాకుండ మార్చుడు, మొదటిది 192.168.1.1 అయిన దీనికి 192.168.1.2 ఇయ్యవచ్చును. మూడవది, వైఫై పేరు, సంకేతపదము మొదటిదాని వలెనే పెట్టుడు; ఛానలు మాత్రము వేరుగ పెట్టుడు. నాలుగవది, మొదటి పెట్టె నుండి వచ్చిన తీగను దీని లాన్ రంధ్రములో తగిలించుడు. వాన్ అని వ్రాసిన రంధ్రములో కాదు. ఇక ఫోను ఏ గదికి పోయినను అదే పేరు కనిపించును.

రిపీటరు, మెష్

తీగ లాగుటకు వీలుకాని యెడల రిపీటరు గలదు. ఇది మొదటి పెట్టె మాట విని తిరిగి గట్టిగా చెప్పునది. దీనిని కొనినవారిలో చాలమంది ఒక పొరపాటు చేయుదురు: సిగ్నలు లేని గదిలోనే తగిలింతురు. తనకు వినబడని మాటను అది ఎట్లు తిరిగి చెప్పగలదు? నీరు రాని చోట ఆయిలింజను పెట్టిన ఏమి తోడును? బలము మైనస్ 60, 65 మధ్య ఉన్న చోట, అనగా సగము దారిలో, దానిని పెట్టవలెను. ఒకే వరుసలో వినుచు చెప్పుచుండు రిపీటరు వేగమును ఇంచుమించు సగమునకు తగ్గించును. మాట్లాడుటకు, సందేశములకు అది చాలును.

మెష్ అను పేరుతో రెండు మూడు పెట్టెలు జతగా అమ్ముదురు. ఇవి తమలో తాము కలసి పనిచేయును. మనిషి నడచిపోవుచుండగా ఫోనును ఒకదాని నుండి మరియొకదానికి సుళువుగ అప్పగించును. పెద్ద ఇంటికి, మేడకు ఇవి మంచివే. వీనిని కూడ తీగతో కలుపుటకు వీలుండును. కలిపిన ఫలితము ఇంకను మేలు.

కొట్టమునకు, మోటారు షెడ్డునకు

పశువుల కొట్టమున కెమెరా పెట్టుకొని ఈనబోవు గేదెను ఇంటినుండి కనిపెట్టవలెనని పాడిరైతులు అడుగుచున్నారు. 25, 50 మీటర్ల దూరమునకు తీగయే మేలు. కాని బయట వేయు తీగకు కొన్ని జాగ్రత్తలు గలవు. ఎండకు చెడని, బయటి వాడకమునకు చేసిన తీగ తేవలెను. పి.వి.సి. గొట్టములో పెట్టి పార తగలని లోతున పాతవలెను. ఎలుకల బాధయు తప్పును. కరెంటు సర్వీసు తీగతో కలిపి కట్టరాదు, కరెంటు స్తంభమునకు వేలాడదీయరాదు. ఒక ఇంటి నుండి మరియొక కట్టడమునకు వేసిన రాగి తీగ పిడుగుపాటు ప్రభావమును రెండు చోట్లకు మోసికొనిపోయి పెట్టెలను కాల్చగలదు. అందుచే కట్టడముల నడుమ ఫైబరు తీగ శ్రేష్ఠము. గాజులో విద్యుత్తు పారదు. దానిలో బలమునకు ఉక్కు తీగ కలిపియున్న రకమైతే ఆ ఉక్కును గోడ బయటనే ఆపవలెను. ఉరుములు మొదలుకాకముందే బయటి తీగను, కరెంటు ప్లగ్గును ఊడదీయుట అన్నిటికన్న చౌకైన రక్షణ. ఉరుము వినబడకముందే ఆ పని చేయుడు. పిడుగులు పడుచుండగా తీగలను ముట్టరాదు.

రేకుల కొట్టములోపల సిగ్నలు కావలెనన్న పెట్టెను కొట్టము లోపలనే పెట్టవలెను. బయట గోడకు పెట్టిన రేకు దానిని ఆపును.

మూడు నాలుగు వందల మీటర్ల దూరములోని మోటారు షెడ్డునకు తీగ లాగుట భారము. అట్టిచోట 5 గిగాహెర్ట్‌జ్ వరుసలో పనిచేయు జంట యాంటెన్నాలు గలవు. ఒకటి ఇంటి మీద, రెండవది షెడ్డు మీద, ఒకదానికొకటి ఎదురుగ బిగింతురు. అలను టార్చిలైటు వలె ఒకే వైపునకు పంపును గనుక దూరము పోవును. అయితే ఒకదాని నుండి చూచిన రెండవది కంటికి కనబడవలెను. కనబడుటయే చాలదు. 300 మీటర్ల వరుసకు నడిమధ్యలో ఆ చూపుగీత చుట్టు సుమారు రెండు మీటర్ల ఖాళీ ఉన్ననే పూర్తి బలము వచ్చును.

ఇక్కడ రైతు తెలివి అవసరము. జూన్ మాసములో దుక్కి దున్నిన బయలు మీద బిగించిన జంట చక్కగా పనిచేయును. అదే పొలములో మొక్కజొన్న నిలువెత్తు దాటిన తరువాత, చెరకు రెండు మనుష్యుల ఎత్తు పెరిగిన తరువాత సిగ్నలు దిగజారును. పరికరము చెడినదని దుకాణమునకు మోయుదుము. చెడినది పరికరము కాదు, అడ్డువచ్చినది పైరు. సుబాబులు, జామాయిలు తోటలైన ఏటేట పెరుగును. కావున బిగించునాటి బయలును గాక, రాబోవు పంట ఎత్తును లెక్కించి గొట్టము ఎత్తు నిర్ణయింపుడు. ఆ గొట్టము కరెంటు తీగలకు, అది పడిపోయినను తగలనంత దూరమున నుండవలెను. గాలివానకు ఒరుగకుండ బిగింపవలెను. కొద్దిగ ఒరిగినను చూపు తప్పును.

షెడ్డులో మూడు ఫేజుల కరెంటు కొన్ని గంటలే ఉన్నచోట మిగిలిన వేళలలో పరికరము నిద్రపోవును. కెమెరా రాత్రి పనిచేయవలెనన్న చిన్న సౌరఫలకము, బ్యాటరీ కూడ లెక్కలో వేసికొనుడు. సిమ్‌కార్డు గల మోటారు ఆటో స్టార్టరునకు మాత్రము వైఫైతో పనిలేదు. అది టవరు మీద ఆధారపడును.

కరెంటు మాట

వైఫై పెట్టె సామాన్యముగ 12 వోల్టుల మీద నడచును. 10 వాట్ల పెట్టె రాత్రింబవళ్ళు వెలిగినను నెలకు సుమారు ఏడు యూనిట్లే అగును. వోల్టేజి హెచ్చుతగ్గులకు దాని అడాప్టరు చెడును. చెడిన అడాప్టరుతో పెట్టె తరచు ఆగి మొదలగుచుండును. అదే వోల్టులు, తగిన ఆంపియర్లు గల దానినే తిరిగి తేవలెను. కరెంటు పోయినపుడు కూడ నడుచుటకు 12 వోల్టుల చిన్న యు.పి.ఎస్. దొరకును. ఫైబరు పెట్టె, రౌటరు వేరువేరుగ నున్న రెండింటికిని బ్యాటరీ కావలెను.

వీనికి డబ్బు పెట్టవద్దు

ఫోను వెనుక అంటించు చీటీలు సిగ్నలును పెంచునని అమ్ముదురు. అవి ఏమియు చేయవు. యాంటెన్నా వెనుక తగరపు కాగితము పెట్టిన ఒక వైపునకు కొంత పెరిగి రెండవ వైపునకు తగ్గును. పెట్టెను సరియైన చోట పెట్టుటకు అది బదులు కాదు.

సెల్ టవరు సిగ్నలును పెంచు బూస్టర్లని కొన్ని పెట్టెలు అమ్ముదురు. ఇవి వైఫై పరికరములు కావు. అనుమతి లేకుండ వీనిని బిగించుట మన దేశములో చట్టవిరుద్ధము. ఒక ఇంటికి బాగున్నట్లు తోచినను, టవరు చెవిలో రొదచేసి ఊరివారందరి మాటలు చెడగొట్టగలవు. ఆపదలో 108కి ఫోను చేయు పొరుగువాని మాట దానివలన తెగిపోవచ్చునని గుర్తుంచుకొనుడు.

ఇంటిలో టవరు సిగ్నలు లేక వైఫై మాత్రము ఉన్నవారికి చట్టబద్ధమైన దారి యున్నది. ఎయిర్‌టెల్, జియో సంస్థలు 2019–20 నుండి వైఫై మీదుగా మామూలు ఫోను మాటలను అందించు సౌకర్యము కల్పించినవి. మీ ఫోను అందుకు తగినదైన, సెట్టింగులలో వైఫై కాలింగ్ అనుదానిని తెరిచినంత మాత్రమున మట్టిగోడల నడుమ కూడ ఫోను మ్రోగును. ఇంటిలో ఒంటరిగానుండు పెద్దల ఫోనులలో దీనిని తెరిచి యుంచుట మీ పిల్లల మొదటి పనిగా పెట్టుడు.

ముగింపు

చెప్పిన విషయములను క్రమముగ మరల చూచుకొందము. ఒకటి, పెట్టె దగ్గర వేగము కొలిచి తప్పు బోరుదో కాలువదో తేల్చుకొనుడు. రెండు, ఇంటి పటము గీసి గదిగదికి అంకె వ్రాయుడు. మూడు, పెట్టెను ఇంటి నడుమకు, ఎత్తునకు, లోహమునకు నీటికి దూరముగ మార్చి తిరిగి కొలువుడు. నాలుగు, అప్పటికిని అందని గదికి తీగతో రెండవ పెట్టె కలుపుడు. అయిదు, తీగ పోలేని చోటనే రిపీటరును, సగము దారిలో, పెట్టుడు. ఆరు, కొట్టమునకు, షెడ్డునకు పోవునపుడు పిడుగును, పైరు ఎత్తును మరువకుడు. ఈ ఆరును చేసిన పిమ్మట కూడ చాలకున్ననే పెద్ద ప్లాను గురించి ఆలోచింపుడు.

ఈ సాయంకాలమే ఇంటికి పోయి మొదటి రెండు పనులు చేయుడు. వానికి పైసా ఖర్చు లేదు. మీ ఇంటి పటమును, అంకెలను వ్రాసి తరువాతి శిబిరమునకు తెచ్చినచో ఎవరి ఇంటికి ఏ మార్పు తగునో కలిసి చూచుకొందము. చీకటిలో గట్టు మీదికి పోవు పని తప్పి, వానకబురు మీ మంచము దగ్గరకే వచ్చుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.